అయిదు మార్కులకి ట్యూబుకి మూడున్నర, పొడి డబ్బాకి రెండు: నియోస్పోరిన్ రకం దెబ్బల మందుపై సమీక్ష

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం... ఏ ఊళ్లో మందుల షాపుకెళ్లి "దెబ్బలకి పూత మందు ఇవ్వండి" అన్నా, కౌంటరు అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఆయింట్‌మెంటా, పౌడరా?" అని. ఏ మందు అని అడగరు, ఎందుకంటే ఇక్కడ దెబ్బల మందంటే మూడు యాంటీబయాటిక్‌లు కలిపిన పూతే. నియోస్పోరిన్ అన్నది ఒక కంపెనీ మందుకి పెట్టిన పేరైనా మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో అది ఆ రకం మొత్తానికీ పేరైపోయింది. వేరే కంపెనీ ట్యూబు చేతిలో పెట్టినా జనం దాన్ని నియోస్పోరిన్ అనే పిలుస్తారు. కాబట్టి ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు, ఆ మూడు మందుల మిశ్రమం గురించి.

ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఉండే పాళ్లు ఇవి: గ్రాము మందులో పాలిమిక్సిన్-బి సల్ఫేట్ 5000 యూనిట్లు, బాసిట్రాసిన్ జింక్ 400 యూనిట్లు, నియోమైసిన్ సల్ఫేట్ 3400 యూనిట్లు. యూనిట్ల లెక్క చూసి పాలిమిక్సినే ఎక్కువ అనుకుంటే పొరపాటు. బరువులో అది అర మిల్లీగ్రామే. నియోమైసిన్ సల్ఫేట్ దాదాపు 5 మిల్లీగ్రాములు, బాసిట్రాసిన్ ఇంచుమించు 6. గ్రాములో మిగతాదంతా పెట్రోలియం జెల్లీ లాంటి జిడ్డు పదార్థమే. ఆ జిడ్డు కూడా ఊరికే లేదు. దాని సంగతి తర్వాత.

ఈ మూడూ మట్టిలోనో మనిషి ఒంటి మీదో బతికే సూక్ష్మజీవులు తయారుచేసుకున్న ఆయుధాలే. పాలిమిక్సిన్‌ని 1947లో గుర్తించారు, బాసిల్లస్ పాలిమిక్సా అనే మట్టి బ్యాక్టీరియా నుంచి. దాన్ని ఇప్పుడు పేనిబాసిల్లస్ అంటున్నారు. నియోమైసిన్ 1949లో వాక్స్‌మన్, లెషవలియే ప్రయోగశాలలో స్ట్రెప్టోమైసిస్ ఫ్రేడియే నుంచి వచ్చింది. బాసిట్రాసిన్ పుట్టుక ఇంకా తమాషా. 1943లో అమెరికాలో కాలు విరిగిన మార్గరెట్ ట్రేసీ అనే ఏడేళ్ల పాప గాయం నుంచి తీసిన బ్యాక్టీరియాలో అది దొరికింది. పేరులోని 'ట్రాసిన్' ఆ పాప ఇంటిపేరే.

మూడింట్లో రెండు, అంటే పాలిమిక్సిన్, బాసిట్రాసిన్, బ్యాక్టీరియా పొర దగ్గరే పని చేస్తాయి. మూడోది లోపలికి వెళ్లి చంపుతుంది గానీ, వెళ్లడానికి దానికీ పొర సహకారం కావాలి. ఈ పూత ఏ దెబ్బకి పని చేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదంతా ఆ పొరల సంగతి మీదే ఆధారపడి ఉంది. లేబులు చదివితే ఇది తెలియదు.

ముందు పాలిమిక్సిన్. గ్రామ్ నెగెటివ్ అనే తెగ బ్యాక్టీరియాకి లోపల ఒక పొర, బయట ఇంకో పొర ఉంటాయి. బయటి పొర పై ముఖమంతా ఎల్‌పీఎస్ అనే కొవ్వు-చక్కెర అణువులు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. ఒక్కో ఇటుక అడుగున ఫాస్ఫేట్ గుంపులుంటాయి. వాటిది ఋణావేశం. ఒకే ఆవేశమున్నవి పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి తోసుకుంటాయి కదా. అలా తోసుకోకుండా మధ్యలో కాల్షియం, మెగ్నీషియం అయాన్లు కూర్చుని పాతకాలపు గోడలో సున్నం లాగా ఇటుకల్ని కలిపి పట్టుకుంటాయి. పాలిమిక్సిన్ అణువు ఒక చిన్న వలయం, దానికో తోక. మొత్తం అణువు మీద అయిదు ధనావేశాలు. అది వచ్చి కాల్షియం, మెగ్నీషియాలని పక్కకి నెట్టి ఆ ఫాస్ఫేట్లకి తనే అతుక్కుంటుంది. కానీ సున్నం లాగా కలిపి పట్టుకోదు, ఇటుకల్ని వదులు చేస్తుంది. ఆ సందులోంచి ఎనిమిది, తొమ్మిది కార్బన్ల కొవ్వు తోక పొరలోకి దిగుతుంది. తలుపు తెరిచింది తనే కాబట్టి తన వెనకే మరిన్ని అణువులు దూరతాయి. లోపలి పొర కూడా చీలిపోయి బ్యాక్టీరియా లోపలి సరుకంతా బయటికి కారిపోతుంది.

ఆ తోక ఎంత ముఖ్యమో 1983లో ఫిన్లాండ్ పరిశోధకులు తేల్చారు. తోకతో సహా ఒక భాగం కత్తిరించేస్తే మిగిలిన అణువు బయటి పొరని వదులు చేయగలిగింది గానీ బ్యాక్టీరియాని చంపలేకపోయింది. అయితే ఆ వదులైన పొరలోంచి వేరే యాంటీబయాటిక్‌లు సులువుగా లోపలికి వెళ్లాయి. ట్యూబులో మూడింటినీ కలపడానికి ఇదీ ఒక సమర్థనే. ఒకటి తలుపు తీస్తే మిగతావి వెళ్తాయి. మామూలుగా బాసిట్రాసిన్ అణువు పెద్దది కావడంతో గ్రామ్ నెగెటివ్ బయటి పొర దాటలేదు.

మన కణాల మీద పాలిమిక్సిన్ అంతగా ఎందుకు పడదంటే, మన కణపొర బయటి వైపు కొవ్వులకి చాలావరకు నికర ఆవేశం ఉండదు, పైగా కొలెస్టరాల్ ఉంటుంది. అతుక్కోవడానికి ఎల్‌పీఎస్ అసలే లేదు. అయినా పూర్తిగా క్షేమమనలేం. ఇంజెక్షన్‌గా ఇస్తే మూత్రపిండాల కణాలు దాన్ని లోపలికి లాక్కుని దెబ్బతింటాయి. చర్మం మీద చిన్న గాయానికి రాసినప్పుడు రక్తంలోకి చేరేది చాలా తక్కువ కాబట్టి ఇక్కడ ఆ భయం అక్కర్లేదు.

ఇప్పుడు ఇంటి వాడకంలోకి వద్దాం. కాల్షియంకీ పాలిమిక్సిన్‌కీ ఫాస్ఫేట్ దగ్గర పోటీ అన్నాం కదా. ప్రయోగశాలలో కూడా పరీక్ష ద్రావణంలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే పాలిమిక్సిన్ మోతాదు పెంచితేగానీ పని జరగదు. మన పల్లెల్లో దెబ్బ మీద సున్నం-బెల్లం పట్టు వేసే అలవాటు ఇంకా ఉంది. బెణుకుకి వేస్తే వేసుకోండి. కానీ తెగిన చోట సున్నం పెట్టి, మర్నాడు దానిమీదే ఈ పూత రాస్తే పాలిమిక్సిన్‌కి పోటీదారుని మనమే తెచ్చి కూర్చోబెట్టినట్టు. పైగా సున్నం చర్మాన్ని కాల్చేస్తుంది. సబ్బుదీ ఇలాంటి కథే, తిరగేసి. సబ్బు అణువులు ఋణావేశపువి కాబట్టి ధనావేశపు పాలిమిక్సిన్‌ని అవే పట్టేసుకుంటాయి. అందుకే సబ్బుతో కడగాలి గానీ నురగ పూర్తిగా పోయేదాకా మంచినీళ్లు పొయ్యాలి, ఆ తర్వాతే పూత.

చీము సంగతి అన్నిటికన్నా ముఖ్యం. చీములో చచ్చిన కణాల నుంచి కారిన డీఎన్ఏ నిండా ఉంటుంది. దానిదీ ఋణావేశమే. పాలిమిక్సిన్, నియోమైసిన్ రెండూ దానికే అతుక్కుని ఖర్చైపోతాయి. చీము కారుతున్న పుండు మీద రోజుకి నాలుగుసార్లు పూత రాసినా మానలేదని ఫిర్యాదు చేసేవాళ్లు చాలామంది. మందు బ్యాక్టీరియా దాకా వెళ్తేనే కదా. ముందు చీము తీయాలి, అది ఆసుపత్రి పని.

బాసిట్రాసిన్ పద్ధతి వేరు. ఇది పొరని చింపదు. బ్యాక్టీరియా తన గోడ కట్టుకోవడానికి కావలసిన ఇటుకల్ని లోపల తయారుచేసి, పొర దాటించి బయటికి పంపుతుంది. దాటించేది 55 కార్బన్ల పొడవున్న ఒక కొవ్వు అణువు. వంశధారలో నాటు పడవ లాంటిదనుకోండి. ఇటుకని అవతల దింపాక పడవకి రెండు ఫాస్ఫేట్లు మిగులుతాయి. వాటిలో ఒకటి ఊడితేనే మళ్లీ ఇవతలకి వచ్చి ఇంకో ఇటుక ఎక్కించుకోగలదు. బాసిట్రాసిన్ జింక్ అయాన్ సాయంతో సరిగ్గా ఆ రెండు ఫాస్ఫేట్ల జంటని బిగించి పట్టేస్తుంది. ఫాస్ఫేట్ ఊడదు, పడవ తిరిగి రాదు, గోడ పని ఆగిపోతుంది. లోపలి ఒత్తిడికి బ్యాక్టీరియా పగిలిపోతుంది. లేబులు మీద 'బాసిట్రాసిన్ జింక్' అని ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. జింక్ కలిస్తే మందు నిలవ కూడా ఎక్కువ కాలం ఉంటుంది.

గోడ కడుతున్న బ్యాక్టీరియా మీదే ఈ ఎత్తు పారుతుంది కాబట్టి, ఊరికే పడి ఉన్నవాటి మీద బలం తక్కువ. చర్మపు దెబ్బల్లో మామూలుగా చెడు చేసే స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ రెండూ గ్రామ్ పాజిటివ్ తెగ. వాటికి బయటి పొరే లేదు, ఎల్‌పీఎస్ లేదు, కాబట్టి పాలిమిక్సిన్‌కి అక్కడ పని లేదు. భారం ఎక్కువగా మోసేది బాసిట్రాసినే. గొంతు నొప్పి తెచ్చే గ్రూప్-ఎ స్ట్రెప్టోకాకస్ దీనికి ఎంత లొంగుతుందంటే, ల్యాబుల్లో దాన్ని గుర్తించడానికి కేవలం 0.04 యూనిట్ల బాసిట్రాసిన్ బిళ్లనే వాడుతూ వచ్చారు.

నియోమైసిన్ లోపల ప్రొటీన్లు తయారయ్యే రైబోసోముని పాడుచేస్తుంది. తప్పుడు ప్రొటీన్లు తయారై కొన్ని పొరలోనే ఇరుక్కుని దాన్ని చిల్లులు పడేలా చేస్తాయి. కానీ అసలు లోపలికి వెళ్లాలంటే పొరకి ఇరువైపులా విద్యుత్ తేడా ఉండాలి, దానికి ఆక్సిజన్‌తో శ్వాసించే బ్యాక్టీరియా కావాలి. ఆక్సిజన్ లేనిచోట బతికేవాటి మీద నియోమైసిన్ పని చేయదు. ధనుర్వాతం తెచ్చే క్రిమి సరిగ్గా ఆ తెగే. పేడ, మట్టి తగిలిన కొడవలి గాటు, అరికాల్లో దిగిన తుప్పు మేకు, పత్తి చేలో లోతుగా గుచ్చుకున్న ముల్లు: వీటి మీద పూత రాసి 'మందు వేశాం' అనుకోవడం ప్రమాదం. పైన రాసిన జిడ్డు అంత లోతుకి దిగదు కూడా. వాటికి కావలసింది కడగడం, ధనుర్వాతం రాకుండా వేసే టీడీ ఇంజెక్షన్.

ట్యూబుకి మార్కులు తగ్గించింది కూడా ఈ నియోమైసినే. చర్మ ఎలర్జీల్లో ఇది పేరుమోసినది. అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఏటా ఒకదాన్ని 'ఈ ఏటి ఎలర్జీ కారకం' అని ప్రకటిస్తుంది. 2003లో బాసిట్రాసిన్, 2010లో నియోమైసిన్ ఆ బిరుదు తెచ్చుకున్నాయి. ఒకే ట్యూబులో ఇద్దరు బిరుదాంకితులు! ఎలర్జీని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గాయం మానుతూ ఉండగా, పూత రాసినంత మేర చర్మం ఎర్రబడి, దురదపెట్టి, చిన్న నీటి పొక్కులు వస్తాయి. సెప్టిక్ అయిందనుకుని ఇంకా ఎక్కువ రాస్తారు, ఇంకా పెరుగుతుంది. నొప్పి ఎక్కువైతే సెప్టిక్‌ని అనుమానించాలి, దురద ఎక్కువైతే మందునే అనుమానించాలి. పూర్తిగా నమ్మదగ్గ సూత్రం కాదు గానీ ఇంట్లో మొదటి అడుగుకి చాలు. మందు ఆపేసి చూడండి.

ఇక్కడ ఇంకో ఉచ్చుంది. నియోమైసిన్ పడలేదని షాపులో చెప్తే చాలాసార్లు సోఫ్రామైసిన్ ఇస్తారు. అందులో ఉండే ఫ్రామైసెటిన్ అంటే నియోమైసిన్-బియే. పేరు మారింది, మందు మారలేదు. నెబాసల్ఫ్ పొడిలోనూ నియోమైసిన్, బాసిట్రాసిన్ ఉంటాయి, పాలిమిక్సిన్ బదులు సల్ఫా మందు ఉంటుంది. సల్ఫా పడనివాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. ఈ కుటుంబమంతా పడనివాళ్లు డాక్టర్‌ని అడిగి మ్యుపిరోసిన్ 2 శాతం పూత తీసుకోవచ్చు. అదీ బ్యాక్టీరియా నుంచి వచ్చిందే గానీ పొర జోలికి పోదు, ప్రొటీన్ తయారీని వేరే చోట ఆపుతుంది. స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ పుళ్లకి అదే మెరుగు. అందుకే దాన్ని ప్రతి గీరుకీ వాడి మొద్దుబార్చుకోకూడదు.

సరే, అసలు దీనివల్ల లాభం ఉందా? అధ్యయనాలు రెండు రకాలుగా చెప్తాయి. 1995లో అమెరికాలో అత్యవసర విభాగానికి దెబ్బలతో వచ్చి కుట్లు వేయించుకున్నవాళ్లలో పోల్చి చూశారు. వట్టి పెట్రోలియం జెల్లీ రాసినవాళ్లలో 17.6 శాతం మందికి గాయం చెడింది. మూడు మందుల పూత రాసినవాళ్లలో 4.5 శాతమే. ఒక్క బాసిట్రాసిన్ రాసినవాళ్లలో 5.5, సిల్వర్ సల్ఫాడయజీన్ అనే వేరే పూతతో 12.1. మరుసటి ఏడాది, 1996లో, క్లినిక్‌లో శుభ్రంగా చేసిన చిన్న చర్మ కోతల మీద తొమ్మిది వందల మందికి పైగా రోగుల్లో ఇంకో అధ్యయనం జరిగింది. వట్టి జెల్లీతో 2 శాతం, బాసిట్రాసిన్‌తో 0.9 శాతం. ఆ తేడా లెక్కల్లో నిలవలేదు, పైగా బాసిట్రాసిన్ వాడినవాళ్లలో నలుగురికి ఎలర్జీ వచ్చింది. మా దృష్టిలో ఇవి ఒకదాన్నొకటి ఖండించుకోవు. శుభ్రమైన కోతకి జిడ్డు పూత చాలు. రోడ్డు మీదో పొలంలోనో తగిలిన దెబ్బకి మందున్న పూత మేలు. ఇంకో సంగతి: మూడు మందులకీ ఒక్క బాసిట్రాసిన్‌కీ మధ్య తేడా ఒక్క శాతమే. నియోమైసిన్ తీసేసిన ట్యూబు మన షాపుల్లో సులువుగా దొరికితే దానికే నాలుగున్నర ఇచ్చేవాళ్లం.

జిడ్డు గురించి చెప్తామన్నాం. బాసిట్రాసిన్ నీళ్లలో కలిపి గది వేడిలో ఉంచితే కొద్ది రోజుల్లోనే బలం కోల్పోతుంది. అందుకే దీన్ని నీళ్లుండే క్రీములా కాకుండా నీటి తడి లేని జెల్లీలో కలుపుతారు. ఆ జెల్లీ గాయం ఎండిపోకుండా కాపాడుతుంది, తడిగా ఉన్న గాయం మీద కొత్త చర్మం త్వరగా పాకుతుంది. 'గాయానికి గాలి తగలనివ్వండి, ఎండనివ్వండి' అన్న పెద్దల మాట ఇక్కడ పనికిరాదు.

వాడే తీరు ఇది. ధారగా పడే నీళ్లు, సబ్బుతో అయిదు నిమిషాలు కడగాలి. మట్టి, గడ్డి పరకలు, కంకర నలుసులు కనిపించనంతవరకూ. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు. రేబీస్ వైరస్‌కి చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, దాన్ని కరిగించేది సబ్బే. ఈ పూత దానిమీద ఏమీ చేయలేదు, టీకా తప్పదు. కడిగాక శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరనివ్వాలి. పూత పరిమాణానికి వేలి కొలత ఉంది. పెద్దవాళ్ల చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే అర గ్రాము వస్తుంది. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. అంటే అంగుళం గాటుకి సెనగగింజంత కూడా ఎక్కువే, బియ్యపు గింజంత చాలు. పైన గాజుగుడ్డ వేయాలి. దూది నేరుగా పెడితే పోగులు అతుక్కుని తీసేటప్పుడు కొత్త చర్మాన్ని కూడా లాక్కొస్తాయి. రోజుకి ఒకటి నుంచి మూడుసార్లు, పాత పూత కడిగాకే కొత్తది. వారం దాటకూడదు. వారంలో మానకపోతే మందు తప్పో, రోగం పేరు తప్పో అయ్యుంటుంది.

పెద్ద మేర కాలిన గాయాలకి, ఒరుసుకుపోయి చర్మం లేచిన తొడ అంతటికీ ఇది రాయకూడదు. చర్మం లేని చోట నియోమైసిన్ ఒంట్లోకి ఎక్కువగా చేరి చెవులకీ మూత్రపిండాలకీ ముప్పు తెస్తుంది. చెవిలో చీముకి ఇదే పూత పుల్లకి చుట్టి పెట్టేవాళ్లున్నారు. కర్ణభేరికి చిల్లు ఉంటే వినికిడి పోయే పని అది. కంట్లో పెట్టే ఆయింట్‌మెంట్ వేరేగా వస్తుంది, పేరు దాదాపు అదే. చర్మానిది కంట్లో పెట్టకండి.

పొడి డబ్బాకి రెండే ఎందుకంటే, మన వాతావరణం దానికి పడదు. జూన్ నుంచి అక్టోబరు దాకా మూత చిల్లుల దగ్గరే పొడి గడ్డకడుతుంది. తడి గాయం మీద చల్లితే పైన పెంకు కడుతుంది. చూడ్డానికి మానినట్టే ఉంటుంది, కింద చీము చేరుతుంది. జిడ్డు ఇచ్చే తడి లాభం ఉండదు. డబ్బా ఇంటిల్లిపాదీ తిరుగుతుంది, కొన్ని ఇళ్లలో ఎడ్ల కాడి పుండ్ల మీదికీ అదే. చెమట పట్టే మడతల్లో జిడ్డు వద్దనిపించినప్పుడు తప్ప పొడి కొనడానికి మాకు కారణం కనిపించలేదు.

వేటికి పనికిరాదో కూడా చెప్పాలి, ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. తామరకి పనికిరాదు. తామర బూజు జాతి, దానికి ఎల్‌పీఎస్ లేదు, బ్యాక్టీరియా గోడ లేదు. మూడు మందుల్లో ఒక్కదానికీ పట్టు దొరకదు. వర్షాకాలం ఊడుపుల్లో వేళ్ల సందులు నాని తెల్లబడి పగిలేది కూడా చాలావరకు బూజే. తామర అని చెప్తే షాపులో ఇచ్చే కొన్ని ట్యూబుల్లో నియోమైసిన్‌తో పాటు క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గి, తర్వాత తామర ఒళ్లంతా పాకుతుంది. స్టెరాయిడ్ పూతల్ని 2018లో షెడ్యూల్-హెచ్ కింద, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మే జాబితాలోకి, తెచ్చారు. వెనక ఆ పేర్లుంటే తిరిగి ఇచ్చేయండి.

జీడిపిక్కలు ఒలిచే చేతులకి వచ్చే పొక్కులు కూడా సెప్టిక్ కాదు, తొక్కలోని నూనె చేసే గాయం. దానిమీద ఈ పూత రాస్తే నియోమైసిన్ ఎలర్జీ కూడా తోడై ఏది దేనివల్లో తెలియకుండా పోతుంది.

షుగర్ ఉన్న రైతుల విషయం ప్రత్యేకం. వరి మడుల బురదలో బర్కోల్డేరియా సూడోమాలై అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది తెచ్చే మెలియాయిడోసిస్ కేసులు ఒడిశాలోనూ కోస్తా ఆంధ్రలోనూ నమోదయ్యాయి. అది గ్రామ్ నెగెటివే గానీ, తన ఎల్‌పీఎస్ ఫాస్ఫేట్లకి ముందుగానే ఒక ధనావేశపు చక్కెర తగిలించుకుని ఉంటుంది. పాలిమిక్సిన్ వచ్చినా అతుక్కునే చోటు దొరకదు. నియోమైసిన్ తెగ మందుల్ని కూడా చాలావరకు బయటికి తోసేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి బురదలో తగిలిన దెబ్బ తర్వాత జ్వరం వస్తే పూత మీద ఒక్క రోజు కూడా వృథా చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. ప్రోటియస్, సెరేషియా కూడా పుట్టుకతోనే పాలిమిక్సిన్‌కి లొంగవు. సూడోమోనాస్ మాత్రం లొంగుతుంది. పచ్చటి చీము, తియ్యని వాసన దాని గుర్తులు.

పుట్టుకతో లొంగనివి ఒక ఎత్తు, నేర్చుకుని లొంగనివి ఇంకో ఎత్తు. పాలిమిక్సిన్‌కి కవల లాంటి కొలిస్టిన్ ఆసుపత్రుల్లో ఏ మందూ పని చేయనప్పుడు తీసే ఆఖరి అస్త్రం. 2015లో చైనాలో ఎంసీఆర్-1 అనే జన్యువు బయటపడింది. అది ఎల్‌పీఎస్ ఫాస్ఫేట్ మీద ధనావేశపు మూత వేస్తుంది, పైగా ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి తేలిగ్గా చేతులు మారుతుంది. కోళ్ల, పందుల మేతలో కొలిస్టిన్ కలపడం దీనికి దోహదం చేసిందని తేలాక మన దేశం 2019 జులైలో తిండి కోసం పెంచే జంతువులకి దాన్ని వాడటం నిషేధించింది. కోళ్ల ఫారాలున్నవాళ్లు పాత పొడి ప్యాకెట్లు మిగిలి ఉంటే వెనక పేరు చూసుకోవాలి. మోకాలి గీరుకి నెలల తరబడి ఈ పూత రాయడం కూడా చిన్నమేరలో అదే తప్పు.

కొనేటప్పుడు 5 గ్రాముల ట్యూబే తీసుకోండి. ఒక్కో దెబ్బకి రోజుకి బియ్యపు గింజంత చొప్పున అదే ఒక ఇంటికి చాలాకాలం వస్తుంది. పెద్ద ట్యూబు గడువు దాటేదాకా అలమరలో పడి ఉంటుంది. షాపులో ఎండ పడే అద్దాల అరలో ఉన్నది వద్దనండి. మే నెలలో రాయగడలో బండి డిక్కీలో పెట్టిన ట్యూబు నొక్కితే ముందు నూనె కారి, తర్వాత మందు వస్తుంది. అంటే జెల్లీ విడిపోయింది, మందు సమంగా కలిసి లేదు, పారేయండి. ట్యూబు మీద రాసిన 25 లేదా 30 డిగ్రీల హద్దు మన రేకుల ఇళ్లలో నిలబడదు. మంచినీళ్ల కుండ పక్కన నేల మీద, తడి తగలకుండా చిన్న డబ్బాలో పెడితే చాలు. ట్యూబు మూతిని పుండుకి ఆనించి రాయకండి. శుభ్రమైన వేలి మీదికో గాజుగుడ్డ మీదికో పిండుకుని రాయండి.